సంఘం షాట్‌లో ఒడ్డు

జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళా రైతులు వీడియో కెమెరా పట్టుకోవడం నేర్చుకున్న కొత్తలో షాట్లకు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్. పటేల్ ఎత్తు మీద కూర్చుని కింద నిలబడ్డవాళ్లను చూసినట్టు ఉంటుంది కాబట్టి. కింద నుంచి పైకి చూసేది జీతగాడు చూసే చూపు. కంటికి కన్ను ఎదురుగా, సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద ఒక వరసలో కూర్చుంటారు కదా, అందుకని ఆ పేరు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ గురించి వచ్చిన రాతల్లో ఈ సంగతి చాలాచోట్ల కనిపిస్తుంది. చదివినవాళ్లు ముచ్చటపడి ఊరుకుంటారు. నాకైతే ఇది ముచ్చట కాదు, విమర్శకు పనికొచ్చే పనిముట్టు. సినిమా కళ మీద తెలుగులో వచ్చిన పుస్తకాలు కొన్ని చదివాను. ఎవరి చూపు ఎక్కడి నుంచి పడుతోందన్న ప్రశ్నను ఇంత సూటిగా మూడు మాటల్లో పెట్టినవాళ్లు నాకు కనపడలేదు.

ఈ పనిముట్టుతో నేను చూడాలనుకున్నది ఒడ్డును. ఏటి ఒడ్డు, సముద్రపు ఒడ్డు. మన సాహిత్యం, సినిమా, వార్తలు ఒడ్డును ఏ షాట్‌లో చూస్తున్నాయి? న్యాల్‌కల్ మండలం వాణ్ణి, సముద్రం నాకు రెండు రాష్ట్రాల దూరం. నీకెందుకీ గోల అని అడగొచ్చు. ఆ జవాబు మంజీరలో ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు టీవీ సంగతి. బంగాళాఖాతంలో వాయుగుండం పడ్డప్పుడల్లా మనకు ఉప్పాడ కనిపిస్తుంది. కాకినాడ నుంచి ఉప్పాడ పోయే బీచ్ రోడ్డు, దాని మీదికి ఎగిసిపడే కెరటాలు, సగం కూలిన ఇళ్లు. ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి కాబట్టి అంతా ఆకాశం నుంచి కనిపిస్తుంది. నీలం, తెలుపు, మధ్యన నల్లటి బండరాళ్ల గీత. చూడ్డానికి బాగుంటుంది, అక్కడే అనుమానం రావాలి. అది అచ్చమైన పటేల్ షాట్. అందులో సముద్రం ఒక శక్తి, రోడ్డు ఒక ఆస్తి, మనుషులు చుక్కలు. మర్నాడు వాన తగ్గగానే కెమెరా వెళ్లిపోతుంది. సుబ్బంపేటలోనో, మాయాపట్నంలోనో, కోనపాపపేటలోనో ఇంటి వెనక గోడ పోయినవాళ్లు ముందు గోడ పట్టుకుని అక్కడే ఉంటారు. మళ్లీ వాయుగుండం దాకా వాళ్ల సంగతి వార్త కాదు.

సినిమాకు వద్దాం. 2021లో వచ్చిన 'ఉప్పెన' ఉప్పాడ తీరాన్ని ఇంటింటికీ తీసుకెళ్లింది, జాతీయ అవార్డూ తెచ్చుకుంది. కులం పేరు మీద జరిగే పరువు హింసను ఒక పెద్ద సినిమా అంత సూటిగా చూపించడం చిన్న విషయం కాదు, దానికి ఇవ్వాల్సిన మార్కులు ఇద్దాం. కానీ పేరులోనే ఉప్పెన ఉన్న సినిమాలో ఒడ్డు చేసే పని ఏమిటి? ప్రేమకు వెనక తెర. పాటకు ఊపు. ఆ సినిమా తీస్తున్నప్పుడు కూడా ఆ ఒడ్డు కాస్త కాస్త కరుగుతూనే ఉంది. కెమెరా నిలబెట్టిన నేలే కదులుతోందన్న స్పృహ తెర మీద నాకు కనిపించలేదు.

దీనికి సినిమావాళ్లను మాత్రమే అనడం అన్యాయం. మన భాషలోనే ఒడ్డు కదలనిది. కష్టం నుంచి బయటపడితే గట్టెక్కాడంటాం. పిల్ల పెళ్లయితే ఒడ్డున పడ్డామంటాం. ఏమీ చేయకుండా సలహాలిచ్చేవాణ్ణి ఒడ్డున కూర్చుని కబుర్లు చెప్పేవాడంటాం. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఈ మాటలన్నిటికీ కింద ఒక నమ్మకం ఉంది: నీళ్లు కదులుతాయి, ఒడ్డు ఉంటుంది. గట్టెక్కినవాడి కథ అక్కడితో అయిపోయినట్టే. మరి ఆ గట్టే పోతే? ఉప్పాడ జాలరికి గట్టెక్కడం అంటే ఏమిటి? ఈ జాతీయంలో అతనికి చోటు లేదు. మన కవిత్వం 'తీరం చేరని' అని వాపోయినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. అక్కడ తీరమే చేరడం లేదు బాబూ.

తెలుగులో రాయీ నీళ్ల కథ చెప్పిన గొప్ప కావ్యం విశ్వనాథ 'కిన్నెరసాని పాటలు'. అత్త మాటలు పడలేక కిన్నెర అడవికి వెళ్లిపోతుంది. వెతుక్కుంటూ వెళ్లిన మగని కౌగిట్లోనే కరిగి నీరవుతుంది. అతను రాయైపోతాడు. సముద్రుడు ఆమెను కోరితే గోదావరి ఆదుకుంటుంది. చిన్నప్పుడు పాఠంగా చదివినదాన్ని ఇప్పుడు మళ్లీ చదివితే, ఆ ఊహ వెనక ఉన్న భౌగోళిక జ్ఞానం ఆశ్చర్యంగా అనిపించింది. ఏరు పుట్టుకనీ, కొండ నిలకడనీ, నదిలో వాగు కలవడాన్నీ, నది సముద్రంలో కలవడాన్నీ ఒకే కుటుంబ కథగా చెప్పడం మామూలు సంగతి కాదు. అయినా ఒక లోటు. అందులో నీళ్లున్నాయి, రాయి ఉంది. రెంటి మధ్య ఉండే మట్టీ, గడ్డీ, వేరూ కథలో పాత్రలు కావు. ఉంటే అలంకారంగా ఉంటాయి. రాయి ఏడుస్తుంది, నీరు పారుతుంది, పట్టి ఉంచే మూడో మనిషి లేడు. ఇది విశ్వనాథ ఒక్కడి లోటు కాదు. నీళ్లను ఆపాలంటే రాయే కావాలని మన ఇంజనీర్లు కూడా అదే కావ్యం చదివినట్టు అనుకుంటారు.

గోరటి వెంకన్న 'వాగు ఎండిపాయెరో' దగ్గర చూపు మారుతుంది. అది పై నుంచి చూసిన వాగు కాదు, వాగు పక్కన పెరిగినవాడి వాగు. నా లెక్కలో సంఘం షాట్ అదీ. నీళ్లు పోవడంతో పాటు పోయినవాటి జాబితా ఆ పాట రాసుకుంటుంది. ఐతే అది ఎండిన వాగు పాట. నిండుగా వచ్చి ఒడ్డును కోసుకుపోయే వాగు గురించి కూడా మనకొక పాట కావాలి. వానలు అసలు రాకపోవడమూ, వచ్చినప్పుడు అన్నీ ఒక్క రాత్రే పడటమూ రెండూ ఇప్పుడు ఒకే ఏడాదిలో చూస్తున్నాం.

ఇప్పుడు మంజీర. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, లాతూర్, బీదర్ మీదుగా వచ్చి మా న్యాల్‌కల్ మండలం గౌడ్‌గాం జన్‌వాడ దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ కలగలిసిన నేల ఇది. సంతలో ఒక్క వాక్యంలో మూడు భాషలు దొర్లుతాయి. ఇక్కడి నల్లరేగడి గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది. వానకు ఉబ్బుతుంది. ఏరు నిండుగా ఉన్నంతసేపు ఒడ్డు నీళ్లు తాగి బరువెక్కుతుంది, ఐనా ఏటి నీళ్లే దాన్ని పక్క నుంచి ఆనుకుని నిలబెడతాయి. వరద గబగబా దిగిపోయినప్పుడు ఆ ఆనుకునే నీళ్లు పోతాయి, లోపలి బరువు ఉంటుంది. అప్పుడు పెళ్ల పెళ్లలుగా జారుతుంది. అందుకే మా దిక్కు ఒడ్డు కూలేది వరద వచ్చిన రోజు కాదు, పోయిన మర్నాడు. వార్తలవాళ్లు అప్పటికి వెళ్లిపోయి ఉంటారు.

మా పెద్దమ్మకు ఒర్రె పక్కన ఎకరంన్నర ఉంది. ఆ ఒర్రె పోయి మంజీరలో కలుస్తుంది. పదేళ్ల కిందట ఎగువన ఒకరు తమ చేను కోసుకుపోకుండా బండరాళ్లు తెచ్చి గోడలాగా పేర్చారు. వాళ్ల చేను ఆగింది. రెండేళ్లకు పెద్దమ్మ చేను మూల తెగింది. నేను పట్నం చదువు చదివినవాణ్ణి కదా, మనం కూడా రాళ్లు పెడదాం అన్నాను. ఆమె నన్ను చూసి నవ్వింది.

"రాయి వెడితే నీళ్లు ఆగయి బిడ్డా. రాయికి తాకి కోపం వట్టి పక్కపొంటి తవ్వుకుంట పోతయి. నేను రాయి వెడితే నా కింద చేను తెగుతది. ఆయన వెడితే ఇంకోనిది. ఏటి దాకా అందరం రాళ్లు వెట్టుకుంట పోదామా?"

సముద్ర తీరాల ఇంజనీరింగ్ పుస్తకాల్లో గోడ కొసల దగ్గర కోత అని ఒక అధ్యాయమే ఉంటుంది. కెరటం గట్టి గోడకు కొట్టుకుని దాని బలం తగ్గదు, వెనక్కి మళ్లి గోడ కాళ్ల కింద ఇసుకను లాగుతుంది, కొస దగ్గర మలుపు తిరిగి పక్క తీరాన్ని కోస్తుంది. ఉప్పాడలో జరిగింది అదే. రాళ్లు పోశారు. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద గొట్టం సంచుల గోడ కట్టారు, జియోట్యూబ్ అన్నారు. కొన్నాళ్లు పనిచేసింది, తర్వాత చిరిగింది. మళ్లీ రాళ్లు. ఒకచోట ఆపితే పక్క ఊరు. మా పెద్దమ్మ కాకినాడ ఎన్నడూ చూడలేదు.

ఆమె చేసింది ఏమిటో చెబుతాను, ఇందులో అద్భుతమేమీ లేదు. తెగిన మూలకు ముండ్లకంప అడ్డం వేసి నడుమ నడుమ గుంజలు పాతింది. నీళ్లు కంపలోంచి పోతాయి, బురద ఆగుతుంది. ఆ బురద మీద గరిక, రెల్లు వాటంతటవే వచ్చాయి. పైన వావిలి కొమ్మలు గుచ్చింది. ఇంకా పైన, చేను అంచున ముందు నుంచీ ఒక ఏరుమద్ది ఉంది. దాన్ని ఎవరినీ కొట్టనివ్వలేదు. పేరు చూడండి, ఏరుమద్ది. ఆ చెట్టు ఎక్కడ ఉండాలో పేరు పెట్టినవాళ్లే చెప్పేశారు. నాలుగేళ్లు పట్టింది. మధ్యలో ఒక వానకు సగం కంప కొట్టుకుపోతే మళ్లీ వేసింది. ఈ 'మళ్లీ' అనే మాట దగ్గరే మన సర్కారు పద్ధతులకీ ఈ పద్ధతికీ తేడా. టెండర్‌లో 'మళ్లీ'కి కాలమ్ ఉండదు.

ఇండోనేషియాలో జావా ఉత్తర తీరాన డెమాక్ అనే చోట డచ్చి నిపుణులు, స్థానికులు కలిసి సముద్రంలో వెదురు గుంజలు పాతి మధ్య కంప నింపి ఇలాంటివే కట్టారు. నీళ్లు లోపలికి వస్తాయి, బురద వదిలి వెనక్కి పోతాయి, బురద పెరిగాక మడచెట్లు మొలుస్తాయి. లెక్క అచ్చంగా పెద్దమ్మ లెక్కే. అక్కడ కొన్నిచోట్ల పని ఫలించింది, చాలాచోట్ల ఫలించలేదు కూడా. భూగర్భ జలాలు విపరీతంగా తోడటంతో అక్కడ నేలే కుంగిపోతోంది. కుంగే నేల మీద కంప ఎంత వేస్తే ఏం లాభం? ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, 'ప్రకృతి పద్ధతి' అనగానే చేతులు జోడించే రచయితలు మనలో ఎక్కువయ్యారు. కింద నుంచి పైకి చూసే ఆ భక్తి చూపు కూడా సంఘం షాట్ కాదు.

మడ అడవుల మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలకు ఈ జబ్బు బాగా ఉంది. కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు, 1978లో ప్రకటించారు. నల్ల బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చే ఊపిరి వేర్లు, గొడుగు కమ్మీల్లా దిగే ఊత వేర్లు. వాటి మధ్య నుంచి వచ్చేసరికి కెరటం బలం చచ్చిపోతుంది, మోసుకొచ్చిన ఒండ్రు అక్కడే దిగుతుంది. 1839లో కోరింగ రేవును తుడిచిపెట్టిన తుఫాను, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన గురించి తెలిసిన జాతికి ఈ చెట్ల విలువ వేరే చెప్పాలా? ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు ఇక్కడ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఉప్పు పేరుకుని చచ్చిన మడనేలకు మళ్లీ ఆటుపోట్ల నీళ్లు అందేలా చేశారు. మొక్క నాటడం కంటే నీటి దారి తెరవడం ముఖ్యమని అది నేర్పింది. ఇదంతా నిజమే. కానీ ఉప్పాడకు మడచెట్లు నాటితే సరి అని రాసేవాళ్లు ఒక్కసారి అక్కడ నిలబడాలి. మడకు బురద కావాలి, నెమ్మది నీళ్లు కావాలి. నేరుగా కెరటం కొట్టే ఇసుక తీరంలో అది బతకదు. అక్కడ పని చేసేవి వేరే. ఇసుక మీద పాకి ఊదాపూలు పూసే తీగ, గాలికి దొర్లిపోయే ముళ్ల బంతుల గడ్డి. ఆ గడ్డిని రావణాసురుడి మీసం అంటారు. గాలి తెచ్చే ఇసుకను ఇవి పట్టి తిన్నెలు చేస్తాయి. తుఫానుకు సముద్రం ఆ తిన్నెను తింటుంది, తర్వాత నెమ్మదిగా తిరిగి ఇస్తుంది. బ్యాంకు ఖాతా లాంటిది అనుకోండి. వాటిని పీకి మనం సరుగుడు వరసలు పెట్టాం. సరుగుడు గాలిని ఆపుతుంది, నిజమే. కానీ వేర్లు లోతుకు పోవు, సముద్రం కాళ్ల దగ్గరికి వచ్చిన రోజున వరసకు వరస పడుకుంటుంది.

కాకినాడ అంటే నాకు ఇస్మాయిల్ కూడా గుర్తొస్తాడు. 'చెట్టు నా ఆదర్శం' అన్న కవి ఆ ఊళ్లోనే పాఠాలు చెప్పాడు, ఆ ఊళ్లోనే బతికాడు. తెలుగు కవిత్వంలో చెట్టును నినాదం కాకుండా చెట్టుగా చూసినవాడు. ఆయన మీద నాకున్న గౌరవం తగ్గించుకోకుండానే ఒక మాట. ఆయన చెట్టు నాకు ఎప్పుడూ ఒంటి చెట్టుగానే కనిపించింది. ఒంటి చెట్టు ఆదర్శం కావచ్చు, ఒడ్డును ఆపలేదు. ఊరికి కూతవేటు దూరంలో ఒకదాని వేళ్లలో ఒకటి వేళ్లు పెట్టి బురదలో గుంపుగా నిలబడ్డ చెట్లు మన కవిత్వంలోకి ఆలస్యంగా కూడా రాలేదు. 2020లో దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడచెట్లు కొట్టేసిన గొడవ హరిత ట్రైబ్యునల్ దాకా పోయింది. సాహిత్యంలో దాని చప్పుడు ఎంత?

ఇక ముందు వాయిదా వేసిన జవాబు. ఉప్పాడకూ న్యాల్‌కల్‌కూ ఏమిటి సంబంధం? మట్టి. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి తెచ్చే ఇసుక, ఒండ్రులతోనే డెల్టా పుట్టింది. తూర్పు తీరం పొడవునా ఏడాదిలో ఎక్కువ కాలం కెరటాలు ఇసుకను ఉత్తరం వైపు నడిపిస్తాయి. ఆ నడక ఎక్కడ తెగితే అక్కడి నుంచి ఉత్తరాన తీరం ఆకలితో నేలను తింటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు కె. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970ల్లో ఏడాదికి 15 కోట్ల టన్నులు, 2000-06 నాటికి 5.7 కోట్ల టన్నులు. కృష్ణ సంగతి ఇంకా ఘోరం. 1960ల చివర 90 లక్షల టన్నులు, 2000-05 నాటికి 4 లక్షలు. మిగిలింది ఏమైంది? జలాశయాల అడుగున ఉంది. మా మంజీర మీద 1923 నుంచి 1931 దాకా కట్టిన నిజాంసాగర్‌నే చూడండి. దాదాపు 30 టీఎంసీల చెరువు, పూడికతో 12 లోపుకు పడిపోతే, తర్వాత ఎత్తు పెంచి 17.8 దాకా తెచ్చారు. ఆ పూడిక ఎవరిది? బీదర్‌ది, లాతూర్‌ది, మా న్యాల్‌కల్‌ది. పెద్దమ్మ చేను మూల కూడా అందులో పిసరంత ఉంటుంది. తర్వాత పైన హైదరాబాద్ తాగునీటికి సింగూరు వచ్చింది. మా మట్టి ఇప్పుడు నిజాంసాగర్ దాకా కూడా పోవడం కష్టం.

ఇక్కడ నాకు నేనే ఒక ప్రశ్న వేసుకోక తప్పలేదు. డ్యాము మట్టిని ఆపితే తప్పు, పెద్దమ్మ కంప మట్టిని ఆపితే ఒప్పు, ఇదేం న్యాయం? ఆమె కూడా ఉప్పాడ నోటి దగ్గరి మట్టిని ఆపుతున్నట్టే కదా? కాసేపు గింజుకున్నాక తేడా తెలిసింది. కంప ఆపేది చేను పై పొర. వందల ఏళ్లకు అంగుళం చొప్పున పుట్టిన మెత్తటి మన్ను. తీరాన్ని నిలబెట్టేది ముఖ్యంగా ఏటి అడుగున దొర్లుకుంటూ పోయే ఇసుక. చేను మన్ను పోతే రైతుకు పోతుంది, ఉప్పాడకు ఇసుక అందదు. డ్యాము ఆ ఇసుకనే పూర్తిగా ఆపుతుంది, డ్యాము కింద మిగిలిన ఇసుకను లారీలు ఎత్తుకుపోతాయి. కంప నెమ్మది చేస్తుంది, గోడ నిలిపేస్తుంది. ఈ రెండు క్రియల తేడా తెలుగులో చక్కగా ఉంది, మన విధానాల్లోనే లేదు.

పాతకాలం వాళ్లందరూ ప్రకృతి ప్రేమికులని నేను చెప్పబోవడం లేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చూడండి. 1369 నాటిది. చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెబుతుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్లు. రాతి కట్టే, సందేహం లేదు. అది కూడా ఒక రకం పటేల్ షాటే, రాజు కీర్తి కోసం చెక్కించినదే. కానీ ఆ శాసనాన్ని ఈనాటి ప్రాజెక్టు నివేదికల పక్కన పెట్టి చదివితే ఒకటి తట్టింది. దోషాల జాబితాలో రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఒకటి. నీళ్లు తక్కువై భూమి ఎక్కువైనా, భూమి తక్కువై నీళ్లు ఎక్కువైనా దోషమే. అంటే కట్ట ఎంత గట్టిదన్నదే కాదు, దాని చుట్టూ ఎవరున్నారు, ఎంతుంది అన్నది కూడా కట్టడంలో భాగం. ఈ ఆరు వందల యాభై ఏళ్లలో మన వచనం ఆ తూకం పోగొట్టుకుంది.

మళ్లీ కెమెరా దగ్గరికి. డీడీఎస్ మహిళలు బీటీ పత్తి మీద తీసిన సినిమాలు దేశదేశాలు తిరిగాయి. వరంగల్ రైతుల కోపం మీద 2003లో ఒకటి, మూడేళ్ల మోసం అంటూ 2005లో ఇంకొకటి. వాటిని వస్తువు కోసం మెచ్చుకున్నవాళ్లు చాలామంది. నాకు పద్ధతి ముఖ్యం. వాళ్లు అదే చేను దగ్గరికి, అదే రైతు దగ్గరికి నెలనెలా వెళ్లారు. విత్తనం పెట్టినప్పుడు వెళ్లారు, పురుగు పట్టినప్పుడు వెళ్లారు, అమ్మకం అయ్యాక లెక్క చూసుకునేటప్పుడు కూడా వెళ్లారు. కోతకు గురైన ఒడ్డుకు కావాల్సిన సాహిత్యం ఇదే రకం. ఒక్క తుఫాను రాత్రి కాదు, మూడేళ్ల నెలనెలా. లోపం లేదని కాదు. ఆ సినిమాల్లో వ్యాఖ్యానం కొన్నిచోట్ల బొమ్మ కంటే ముందు పరుగెత్తుతుంది, చూసేవాడు తేల్చుకోవాల్సింది గొంతు తేల్చేస్తుంది. అయినా అవి నెమ్మదిగా చూడటం తెలిసిన సినిమాలు. వాళ్ల మధ్య నలభై ఏళ్లు పనిచేసిన పి.వి. సతీష్ 2023 మార్చిలో పోయినప్పుడు వచ్చిన నివాళుల్లో చిరుధాన్యాల మాట బాగా వినపడింది, ఈ చూపు మాట తక్కువ వినపడింది.

ఈ చూపు ఇప్పుడే ఎందుకు కావాలంటే, మా మండలం మీద కూడా పటేల్ షాట్ పడింది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 17 ఊళ్లు, 12,635 ఎకరాలు, జాతీయ పెట్టుబడులు, ఉత్పత్తుల మండలి కోసం. పేరు నిమ్జ్. 2024లో డప్పూర్, మాల్గి, వడ్డి ఊళ్లలో ఫార్మా కోసం మరో రెండు వేల ఎకరాల మాట వచ్చింది, రైతులు రోడ్డెక్కారు. పరిశ్రమలు కావాలా వద్దా అన్నది ఈ వ్యాసం తేల్చే సంగతి కాదు, పని కోసం పటాన్‌చెరు బస్సులెక్కే పిల్లలు మా ఇంట్లోనూ ఉన్నారు. నేను అడిగేది చదివేవాడి ప్రశ్న. పై నుంచి గీసిన ఆ పటంలో భూమి సర్వే నంబర్లుగా కనిపిస్తుంది. ఒర్రె ఒక నీలి గీత. గీతకు వెడల్పు ఉండదు. కానీ ఒర్రె అంటే గీత కాదు. రెండు పక్కల రెల్లు, వావిలి, ఏరుమద్ది, గట్టు మీద కంది సాళ్లు, గట్టుకూ గట్టుకూ మధ్య తరాల పంచాయితీ. ఆ గట్లు చదును చేస్తే వాన నీళ్లు ఎంత జోరుగా మంజీరలో పడతాయో, వాటితో ఏమేం పోతాయో ఆ పటం చెప్పదు. ఆ నీళ్లే సింగూరులో చేరి హైదరాబాద్ కుళాయిల్లోకి వస్తాయన్నది పట్నంలో ఈ వ్యాసం చదివేవాళ్లు గుర్తు పెట్టుకుంటే చాలు.

వట్టివేరు గురించి రాయకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. 1980ల చివర ప్రపంచ బ్యాంకు వాళ్లు దాన్ని కోతకు మందుగా ప్రపంచమంతా ప్రచారం చేశారు, పుస్తకాలు వేశారు. మైసూరు దిక్కు రైతులు అంతకు చాలా ముందు నుంచే దాన్ని గట్ల మీద పెంచుతున్నారు. మంచి గడ్డే, వేళ్లు నిలువునా లోతుకు పోతాయి. ఐతే గడ్డి ఒక్కటే ప్రయాణం చేసి, దాన్ని పెంచిన మనిషి పేరు దారిలో రాలిపోయింది. మొన్న ఒక సభలో ఒకాయన దాన్ని విదేశీ పరిజ్ఞానమని చెప్పాడు. మా పక్కన కూర్చున్న ముసలాయన తన గొంగడి సర్దుకున్నాడు, అంతే.

ఈ వ్యాసానికి ఫొటో కావాలని సంపాదకులు అడిగితే పోయిన నెల పెద్దమ్మ చేనుకు వెళ్లాను. మొన్నటి వానలకు ఏరుమద్ది వేళ్లు ఒక పక్కన బయటపడ్డాయి. చెట్టు మాత్రం కదల్లేదు. వేళ్ల సందుల్లో ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన సోయా కట్టె, ప్లాస్టిక్ సంచి, ఒక చెప్పు. మొత్తం రావాలని చేను గట్టెక్కి ఫోను ఎత్తి పట్టుకున్నాను. పెద్దమ్మ ఒర్రెలో మోకాలి లోతు బురదలో నిలబడి కొత్త కంప తొక్కుతోంది. తలెత్తి చూసింది.

"ఆడికెల్లి ఏం కనవడతది? కిందికి దిగు. ఇగో, ఈ వేరు కాడికి రా."

చెప్పులు విడిచి దిగాను.